టిక్కు పెట్టేది మేలో, కొట్టేసేది ఎప్పుడో

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో తిరుపతిలోనో చిత్తూరులోనో ఏ ఇంటికి పోయినా వినిపించే ప్రశ్న ఒకటే: "ఎంపీసీనా, బైపీసీనా?" అడిగే తీరులోనే సగం జవాబు ఇమిడి ఉంది. సీఈసీ, ఎంఈసీ, హెచ్‌ఈసీ, ఒకేషనల్, పాలిటెక్నిక్, ఐటీఐ, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఇవన్నీ కూడా పదో తరగతి దాటినవాళ్లకు ఉన్న దారులే. ప్రశ్నలోకి మాత్రం రాలేదు. వాటిని ఎవరు తీసేశారు, ఎప్పుడు తీసేశారు అని నిలదీస్తే ఇంట్లో ఏ ఒక్కరూ చెప్పలేరు. ఎవరూ పనిగట్టుకుని తీసేయలేదు గనుక.

పిల్లల భవిష్యత్తును ఏవి ప్రభావితం చేస్తాయని అడిగితే అందరూ ఒక జాబితా చదువుతారు. ఆసక్తి, తల్లిదండ్రులు, స్నేహితులు, డబ్బు, మార్కులు. జాబితాలో తప్పేం లేదు. అయితే ఇవన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఓట్లు వేయవు. ఒకదాని కింద ఒకటి పెట్టిన జల్లెడల్లా పనిచేస్తాయి. పై జల్లెడలో ఆగిపోయింది కింది దాకా రానే రాదు. ఆసక్తి చిట్టచివరి జల్లెడ. అక్కడికి చేరేసరికి మిగిలేవి రెండో మూడో గింజలు. "నీకేది ఇష్టమో అదే తీసుకో నాయనా" అని తండ్రి మనసారా అన్నా, ఆ స్వేచ్ఛ ఆ రెండు మూడు గింజల మధ్యే.

ఆరేళ్లకే మొదలయ్యే కొట్టివేత

ఈ కొట్టివేత గురించి స్పష్టంగా చెప్పినవారిలో అమెరికా పరిశోధకురాలు లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ ఒకరు. 1981లో ఆమె ప్రతిపాదించిన లెక్క ప్రకారం ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లలు పనులను ఆడపని, మగపని అని విడదీసి, తమవి కావనుకున్నవి వదిలేస్తారు. తొమ్మిది నుంచి పదమూడేళ్ల మధ్య ఏ పనికి ఎంత గౌరవమో పసిగట్టి, తక్కువ అనిపించినవాటిని, తమ అంతస్తుకు అందవనిపించినవాటిని కూడా తీసేస్తారు. నాకేది ఇష్టం, నేనెలాంటి మనిషిని అని ఆలోచించడం పద్నాలుగేళ్లు దాటాక. అప్పటికి మిగిలినవాటిలోనే ఆ వెతుకులాట.

ఆమె చెప్పిన రెండో మాట ఇంకా పనికొచ్చేది. చివర్లో రాజీ పడక తప్పనప్పుడు మనిషి ముందుగా వదులుకునేది ఇష్టాన్ని. తర్వాత గౌరవాన్ని. ఆడ, మగ అన్న గీతను అన్నిటికంటే చివర్లో గానీ దాటడు.

దీన్ని మన ఇళ్లకు అన్వయించి చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. బోరు మోటారు స్టార్టరు ఎందుకు పడిపోయిందో పదేళ్లకే కనిపెట్టే ఆడపిల్ల పలమనేరు పల్లెల్లో దొరుకుతుంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు ఆమె ఊహలోకి కూడా రాదు. అమ్మమ్మకు ఇన్సులిన్ సూది వేసేది మగపిల్లవాడే అయినా బీఎస్సీ నర్సింగ్ అనగానే ఇంట్లో నవ్వుతారు. మార్కులు చాలక బీటెక్‌లో కోరుకున్న బ్రాంచి రాకపోతే ఏ బ్రాంచికైనా ఒప్పుకుంటారు. డిప్లొమాకు మాత్రం ఒప్పుకోరు. వదులుకున్నది ఇష్టం, పట్టుకున్నది గౌరవం. గాట్‌ఫ్రెడ్‌సన్ చెప్పిన వరుసే ఇది.

డబ్బు: మొత్తం కంటే వచ్చే వేళ ముఖ్యం

ఆదాయం తక్కువైతే చిన్న చదువు, ఎక్కువైతే పెద్ద చదువు అనే లెక్క మరీ మోటుది. చిత్తూరు జిల్లాలో చాలా ఇళ్లకు డబ్బు రెండు దారుల్లో వస్తుంది. పాల బిల్లు కొద్ది రోజులకొకసారి, చిన్న మొత్తంగా. మామిడి ఏడాదికొకసారి, పెద్ద మొత్తంగా. తోతాపురి కోత ముమ్మరంగా సాగేది జూన్, జూలైల్లో. కాలేజీలు డబ్బు అడిగేదీ ఆ రోజుల్లోనే. అంటే పిల్లవాడి రెండేళ్ల చదువు ఆ ఏడాది గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర పలికే ధరకు ముడిపడి ఉంటుంది.

2025లో ఆ ధర పడిపోయి, ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకు 12 రూపాయలు ఇచ్చేలా నిర్ణయించాల్సి వచ్చింది. ఆ లెక్కన టన్ను 12,000. రెసిడెన్షియల్ ఇంటర్‌కు ఏడాదికి లక్ష అడిగారనుకుంటే ఎనిమిది టన్నుల పైచిలుకు కాయ తోలాలి. కోత కూలీ, ట్రాక్టరు బాడుగ తీయకముందు మాట ఇది. పైగా 8 రూపాయలు వచ్చే రోజు వేరు, 4 రూపాయలు వచ్చే రోజు వేరు. మంచి ధర పలికిన ఏడాది పదో తరగతి పాసైన అక్కకు కార్పొరేట్ కాలేజీ, ధర పడిన ఏడాది పాసైన తమ్ముడికి ఊళ్లో జూనియర్ కాలేజీ అయితే, బయటివాళ్లు దాన్ని అక్క తెలివికీ తమ్ముడి బద్ధకానికీ కట్టేస్తారు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ లెక్కను కొంత మార్చింది. ప్రభుత్వాలతో పాటు పథకం పేరు మారుతూ వచ్చినా లోపలి షరతు ఒకటి మారలేదు: కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే అది వర్తిస్తుంది. కన్వీనర్ కోటా అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరి ఇంటి మీద పడే భారానికీ ఇంకొకరి ఇంటి మీద పడే భారానికీ పోలికే ఉండదు. ఇక్కడ జరిగే పొరపాటు కూడా తెలిసిందే. "గవర్నమెంటే కడుతుంది" అన్న ధీమాతో చేరతారు. హాస్టలు, బస్సు, పరీక్ష ఫీజు, ల్యాప్‌టాపు సొంత ఖర్చు. సర్కారు సొమ్ము ఆలస్యమైతే ముందు మీరు కట్టండి అని కాలేజీ ఒత్తిడి తెస్తుంది. ట్యూషన్ ఫీజును పక్కనపెట్టి మిగతా నాలుగేళ్ల ఖర్చు కాగితం మీద కూడుకోకుండా సీటు ఒప్పుకోవద్దు.

ఒక జిల్లా, మూడు రాష్ట్రాలు, మూడు తూకాలు

ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఇంకెక్కడా ఇంతగా కనిపించని ఒక చిక్కు ఉంది. నగరి దాటితే తిరుత్తణి. 1960 దాకా అది మన జిల్లాలోనిదే. చిత్తూరు నుంచి కాట్పాడి, వేలూరు గంట ప్రయాణం. పలమనేరు దాటితే ముళబాగిలు, కోలారు. కుప్పం స్టేషన్‌లో రైలెక్కితే నేరుగా బెంగళూరే. మూడు రాష్ట్రాలు ఒకే పిల్లవాణ్ణి మూడు తూకాల్లో తూస్తాయి.

మన దగ్గర ఇంజనీరింగ్, వ్యవసాయం, ఫార్మసీ సీట్లకు పెట్టే ఎంట్రన్సు ఈఏపీసెట్. అందులో ఇంజనీరింగ్ పేపరు 160 ప్రశ్నలు, మూడు గంటలు. ప్రశ్నకు 67 సెకన్లు. తప్పుకు మార్కులు పోవు. ర్యాంకులో ఈ పరీక్షకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టులకు 25 శాతం. కర్ణాటకలో ఎంట్రన్సుకు సగం, బోర్డు పరీక్షకు సగం. తమిళనాడులో ఎంట్రన్సే లేదు. పన్నెండో తరగతి లెక్కలు 100, ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50, మొత్తం 200కు కటాఫ్ కడతారు. నింపాదిగా, అడుగులు విడిచిపెట్టకుండా పెద్ద లెక్క రాసే పిల్లవాడు తిరుత్తణిలో మంచి ఇంజనీరింగ్ విద్యార్థి. నగరిలో అదే పిల్లవాడు "స్పీడు లేదు" అనిపించుకుంటాడు. పిల్లవాడు మారలేదు, తూకం రాయి మారింది. "మావాడు ఇంజనీరింగ్‌కు పనికిరాడు" అనే ముందు, పనికిరానిది చదువుకా, 67 సెకన్లకా అని అడగాలి.

ఇది చూసి కొందరు తల్లిదండ్రులు తెలివిగా ఆలోచించామనుకుని పిల్లల్ని వేలూరులోనో బెంగళూరులోనో ఇంటర్ చేరుస్తారు. స్థానికత అనే గొయ్యి అక్కడే ఉంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన కాలేజీల కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులవి. మనకు ఎస్వీ యూనివర్సిటీ పరిధి వర్తిస్తుంది. పాత చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు అందులోవి. మామూలుగా చూసేది అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యా సంవత్సరాలు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. పిల్ల పదో తరగతి దాకా చిత్తూరులో చదివి ఇంటర్‌కు వేలూరు పోతే ఆ వరుస తెగిపోతుంది. ఆధార్ చిరునామా చిత్తూరే, రేషన్ కార్డు చిత్తూరే, తాత ముత్తాతల ఇల్లు చిత్తూరే. అవేవీ తెగిన వరుసను అతికించవు. తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్లు నివాసమున్నట్టు ధ్రువపత్రం తెస్తే మిగిలిన 15 శాతం ఓపెన్ సీట్లకు పోటీ పడవచ్చు, అంతే. మెడిసిన్ సీట్ల విషయంలోనూ నొప్పి ఇక్కడే. విరిగిన ఎముకకైతే పుత్తూరు కట్టు ఉంది. విరిగిన స్థానికతకు అలాంటి కట్టేదీ లేదు.

అందుకని సరిహద్దు దాటొద్దని కాదు. ఇంటర్ అక్కడ చదివితే పైచదువు కూడా అక్కడో, ఐఐటీ లాంటి జాతీయ సంస్థల్లోనో చదివించాలన్న నిర్ణయం కూడా దాదాపు ఆ రోజే తీసుకున్నట్టని తెలుసుకుని దాటాలి. ఆరు నుంచి పది దాకా ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ పదో తరగతి అయిన వేసవిలోనే సంపాదించి పెట్టుకుంటే మంచిది. కౌన్సెలింగ్ వారంలో పాత బడి చుట్టూ తిరగాల్సి వస్తే, ఆ బడి మూతపడిందని అప్పుడు తెలిసినవాళ్లు ఉన్నారు.

దూరం అంటే కిలోమీటర్లు కాదు

ఆడపిల్లల విషయంలో దూరాన్ని చివరి బస్సు టైముతో కొలుస్తారు. తిరుపతిలో 1983లో పెట్టిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లల్ని ఇంత మందిని డిగ్రీ దాటించిందంటే కోర్సులతో పాటు ఒక మాట కూడా కారణం: "అది ఆడపిల్లల కాలేజీలే, పంపవచ్చు." ఆ ఒక్క మాట ఇంట్లో నాలుగు అభ్యంతరాలను ఒకేసారి దించేస్తుంది. దానికి వెల కూడా ఉంది. అక్కడ లేని కోర్సు ఆ పిల్ల జీవితంలోనే లేకుండా పోతుంది.

"సేఫ్ కాదు" అనే మాటలో ఏముందో విప్పి చూడటం మేలు. ఒక్కోసారి హాస్టల్ గేటు భయం. ఒక్కోసారి బంధువులు ఏమంటారో అని. ఒక్కోసారి పద్దెనిమిది నిండగానే పెళ్లి చేయాలన్న తొందరకు మర్యాదగల పేరు. మూడింటికీ మందు వేరు. మొదటిదానికైతే సులువైన పని ఒకటుంది. అడ్మిషన్ రోజు కాకుండా మామూలు మంగళవారం సాయంత్రం ఐదున్నరకు ఆ కాలేజీకి పోయి నిలబడి చూడండి. బస్సులు ఎన్ని, రోడ్డు మీద వెలుతురు ఎంత, హాస్టల్ పిల్లలు ఏం తింటున్నారు. బ్రోషరు చెప్పని సంగతులు అరగంటలో తెలుస్తాయి.

ఫ్లెక్సీ మీద కనిపించని అంకె

పదో తరగతి పరీక్షలు ముగియకముందే ఇళ్లకు కాలేజీ పీఆర్వోలు వస్తారు. వాళ్లకు లక్ష్యాలుంటాయి, అడ్మిషన్‌కు ఇంత అని ఉంటుంది. తిరుపతి బాలాజీ కాలనీలోనో ఎయిర్ బైపాస్ రోడ్డులోనో కనిపించే ఫ్లెక్సీల మీద ర్యాంకులుంటాయి గానీ, ఎంతమంది రాస్తే అన్ని ర్యాంకులు వచ్చాయో ఉండదు. పైన అంకె వేసి కింద అంకె దాచేస్తే అది భిన్నమే కాదు. ఐదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు.

పీఆర్వోను అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ ఫొటోలోని పిల్లలు రెండేళ్లూ మీ కాలేజీలోనే, ఈ క్యాంపస్‌లోనే చదివారా? మా వాడు చేరబోయే సెక్షన్‌లో పోయినేడు సగటు పిల్లవాడికి ఎంత వచ్చింది? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, అది రాసిస్తారా? చివరి ప్రశ్నకు మొహం మారితే జవాబు దొరికినట్టే.

ఇంజనీరింగ్ కాలేజీల దగ్గర ఇదే మోసం "హయ్యెస్ట్ ప్యాకేజీ" అనే వేషంలో వస్తుంది. ఒక్కడికి వచ్చిన జీతం ఐదు వందల మంది గురించి ఏమీ చెప్పదు. జాతీయ ర్యాంకింగుల కోసం దరఖాస్తు చేసిన సంస్థలు ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో, మధ్యస్థ జీతం ఎంతో ఎన్ఐఆర్ఎఫ్‌కు ఇచ్చిన వివరాలు అందరూ చూడవచ్చు. మధ్యస్థం అంటే వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్న పిల్లవాడి జీతం. మీవాడు సగటు విద్యార్థి అయితే మీకు కావాల్సిన అంకె అదే.

బంధువులది ఇంకో రకం. సంక్రాంతికి బెంగళూరు నుంచి కారులో వచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఊరంతా కనబడతాడు. అదే ఏడాది అదే బీటెక్ పూర్తిచేసి ఇంకా ఉద్యోగం దొరక్క, పీజీ హాస్టల్ బాడుగ కట్టలేక పండగకే రాని అబ్బాయి ఎవరికీ కనబడడు. ఊరు లెక్కపెట్టేది వచ్చినవాళ్లను మాత్రమే.

"నాకు లెక్కలు రావు" ఎక్కడ పుడుతుంది

సామర్థ్యం వేరు, సామర్థ్యం ఉందన్న నమ్మకం వేరు. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ఈ నమ్మకానికి నాలుగు ఊటలు చెప్పాడు. తాను స్వయంగా చేసి గెలిచిన అనుభవం, తనలాంటివాడు గెలవడం చూడటం, నమ్మే మనిషి నోటి మాట, ఆ పని చేస్తున్నప్పుడు ఒంట్లో కలిగే అలజడి. మొదటిదే అన్నిటికంటే బలమైనది.

తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంకు మారిన పిల్లలకు మొదటి యూనిట్ టెస్టులో నాలుగూ ఒకేసారి ఎండిపోతాయి. ప్రశ్నే అర్థం కాక మార్కులు తగ్గుతాయి. పక్కనున్నవాళ్లు వేరే బడుల నుంచి వచ్చినవాళ్లు. సార్ సెక్షన్ మారుస్తాడు. పరీక్ష హాలులో చేతులు వణుకుతాయి. నవంబరుకల్లా "నాకు ఫిజిక్స్ రాదు" అని తీర్మానం అయిపోతుంది. పరీక్షించడం తేలిక: అదే లెక్కను తెలుగులో చెప్పి చేయించండి. చేస్తే సమస్య భాషది. రోజుకు పది ఇంగ్లీషు పదాలు, వాటి అర్థాలు నోట్సులో రాసుకుంటూ పోతే మూడు నెలల్లో చాలావరకు దారికొస్తుంది. చేయకపోతే ఏ తరగతి దగ్గర తెగిందో వెతకాలి. భిన్నాలు, బీజగణితం మొదలయ్యే ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాలు ముందేసుకుంటే తెగిన చోటు సాధారణంగా దొరుకుతుంది.

గోడ లేని పరీక్ష

ఐఐటీల ఎంట్రన్సు జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండు సార్లకు మించి రాయనివ్వరు. కష్టమే అయినా ఆ గోడ ఒక మేలు చేస్తుంది. అక్కడికి కథ ఆగుతుంది. మెడిసిన్ ఎంట్రన్సు నీట్‌కు అలాంటి గోడ లేదు. ఎన్నిసార్లైనా రాయవచ్చు, గరిష్ఠ వయసు కూడా లేదు. 2024లో రాసినవాళ్లు 23 లక్షల పైచిలుకు, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. అందుకే లాంగ్ టర్మ్, అంటే మళ్లీ రాయడానికి ఏడాదంతా తీసుకునే కోచింగ్, ఒకటి, రెండు, మూడు అవుతూ పోతుంది. ప్రతి ఏడాదీ "ఇంత పెట్టాం, ఇప్పుడు మానేస్తే ఎలా" అన్న ఒక్క వాదనే మరుసటి ఏడాదికి ఫీజు కట్టిస్తుంది.

లాంగ్ టర్మ్ ఎందుకు ఫలించదో చూడండి. బ్యాచ్ మొదటి చాప్టర్ నుంచి మొదలవుతుంది. వచ్చిందే మళ్లీ వింటూ నెలలు గడుస్తాయి. బైపీసీ పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఫిజిక్స్‌లో. ప్రశ్నలు 45, మార్కులు 180. తప్పుకు ఒక మార్కు కోత. లెక్కల పునాది లేని ఫిజిక్స్‌ను ఇంకోసారి వినడం వల్ల మార్కులు పెరగవు. వెక్టర్లు, లాగరిథమ్స్, కొద్దిగా కలనగణితం విడిగా నేర్చుకుంటే పెరగవచ్చు. అందుకని చేరే ముందు పోయిన పరీక్ష మార్కుల్ని మూడు సబ్జెక్టులుగా విడదీయండి. బయాలజీలో 360కి దగ్గరగా వచ్చి ఫిజిక్స్‌లో 60 దగ్గర ఆగిన పిల్లకు ఇంకో ఏడాది అర్థవంతం. మూడింటిలోనూ సగం దగ్గర ఉన్న పిల్లకు మా అభిప్రాయంలో కాదు. ఏ ర్యాంకు రాకపోతే ఆపేస్తామో చేరిన రోజే రాసి గోడకు అంటించుకోవాలి. నీట్ తాను కట్టని గోడను ఇంటివాళ్లే కట్టుకోవాలి.

పక్క దారులు తెలియకపోవడం కూడా ఈ సుడికి కారణమే. ఏర్పేడు దగ్గర ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఉంది, 2015లో మొదలైంది. బైపీసీ వాళ్లకు కూడా అక్కడ చేరే వీలుందన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. దానికి ఐఏటీ అని వేరే పరీక్ష. బయాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్, ఫిజిక్స్ 15 ప్రశ్నల చొప్పున మొత్తం 60, మార్కులు 240. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. ఈఏపీసెట్ అగ్రికల్చర్ విభాగం రాస్తే బీఎస్సీ వ్యవసాయం, ఫార్మసీ ఉన్నాయి. తిరుపతిలో 1961 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడి స్విమ్స్ వైద్య సంస్థలో నర్సింగ్, ఫిజియోథెరపీ కళాశాలలు ఉన్నాయి. వీటికి దరఖాస్తు చేసినంత మాత్రాన నీట్ పోదు. గడువు తేదీలు మాత్రం విడివిడిగా ఉంటాయి. నీట్ ఫలితం చూసుకుని చూద్దామనుకునేవాళ్లు వాటిని పోగొట్టుకుంటారు.

ఐఐటీ తిరుపతి గురించి ఒక మాట. ఊరి పేరు ఉందని ఊరివాళ్లకు కోటా ఉంటుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లేదు. ఐఐటీల్లో స్థానిక కోటా లేదు. ఎన్ఐటీల్లోనే సొంత రాష్ట్రానికి సగం సీట్లు. ఈ రెండింటికీ ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం ఉండాలి, లేదా బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఇంటర్ బోర్డు పరీక్షలను (ఐపీఈ) పట్టించుకోకుండా జేఈఈ మీదే పడి, ర్యాంకు వచ్చాక ఇక్కడ బోర్లా పడినవాళ్లున్నారు.

ఆరేళ్లు ఎటు తిరిగినా ఆరేళ్లే

డిప్లొమా మీద ఉన్న చిన్నచూపును ఒక చిన్న కూడికతో పరీక్షించవచ్చు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగు: ఆరు. పాలిటెక్నిక్ మూడేళ్లు, డిప్లొమావాళ్ల ఎంట్రన్సు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే మూడు: ఆరు. పదో తరగతి తర్వాత ట్రిపుల్ ఐటీ: ఆరు. కాలం సమానం. తేడా ఏమిటంటే పాలిటెక్నిక్ దారిలో మూడో ఏట దిగిపోవడానికి ఒక స్టేషన్ ఉంది. సత్యవేడు, వరదయ్యపాళెం వైపు శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి ఫ్యాక్టరీలున్నాయి, కరకంబాడిలో బ్యాటరీల ఫ్యాక్టరీ ఉంది. ఇంట్లో మామిడి దెబ్బతిన్న ఏడాది పిల్లవాడు డిప్లొమాతో ఆగి పనిలో చేరగలడు. ఇంటర్ దారిలో నడుమ ఆగితే చేతిలో ఉండేది ఇంటర్ మెమో. ఆదాయం ఎగుడుదిగుడుగా ఉండే ఇంటికి నడుమ స్టేషన్ ఉన్న దారే మేలని మా లెక్క. ఈసెట్‌కు మళ్లీ చదవాలి, లెక్కలు మరిచిపోకూడదు. డిప్లొమా పిల్లలు బీటెక్ రెండో ఏడాది గణితంలో తడబడేది అక్కడే.

అన్ని తలుపులూ ఒకేలా మూసుకోవు. సీఈసీ చదివితేనే సీఏ అనుకుంటారు. ఇంటర్ ఏ గ్రూపైనా సీఏ ఫౌండేషన్ రాయవచ్చు. లా ఎంట్రన్సు లాసెట్ ఐదేళ్ల కోర్సుకు కూడా గ్రూపు అడ్డం కాదు. అదే గణితాన్ని పదితో వదిలేస్తే ఇంజనీరింగ్ వైపు మళ్లడం చాలా కష్టం. గ్రూపు ఎంచుకునేటప్పుడు ఏది ఇష్టమన్న ప్రశ్న పక్కన ఇంకొకటి వేసుకోవాలి: దీనివల్ల మూసుకునేవి ఏవి, అందులో మళ్లీ తెరుచుకునేవి ఏవి?

వెబ్ ఆప్షన్ల రాత్రి

ఇన్ని జల్లెడలూ దాటి వచ్చిన ఇష్టాన్ని కూడా, కౌన్సెలింగ్‌కు కాలేజీల వరుస ఆన్‌లైన్‌లో ఇచ్చే ఆఖరి రాత్రి నెట్ సెంటర్లో పోగొట్టుకునేవాళ్లున్నారు. సీటు కేటాయించే తీరు సులువైనది. కంప్యూటరు మొదటి ర్యాంకు నుంచి మొదలుపెట్టి, మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాను పైనుంచి కిందికి చదివి, ఖాళీ ఉన్న మొదటి చోట ఆగుతుంది. కాబట్టి రాదనుకున్న కాలేజీని పైన పెట్టినందువల్ల నష్టం సున్నా. "వచ్చేదాన్నే పైన పెట్టండి" అని నెట్ సెంటర్ కుర్రాడు చెప్పే సలహా తప్పు. ఇష్టం ఎలా ఉంటే వరుస అలాగే. అసలు నష్టం తక్కువ ఆప్షన్లు ఇవ్వడంలో ఉంది. పదిహేను ఆప్షన్లు ఇచ్చి సీటు రాకపోతే తర్వాతి విడతలో మిగిలినవాటి కోసం ఎదురుచూడాలి. పోయినేడు ఏ కాలేజీ, ఏ బ్రాంచి, ఏ కేటగిరీలో చివరి ర్యాంకు ఎంతో కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. దాన్ని దింపుకుని, మీ ర్యాంకుకు అటూ ఇటూ ఉన్నవన్నీ గీసుకుని, అందులో మీరు నిజంగా చదవగలిగినవి మాత్రం జాబితాలో పెట్టండి. చేరబోనిదాన్ని నింపుడు కోసం పెట్టకూడదు, అదే వచ్చి కూర్చుంటుంది. ఫ్రీజ్ చేసే ముందు జాబితా ప్రింటు తీసి, తెలుగులో చదివి ఇంట్లో ఒకరికి వినిపించండి. కాలేజీ కోడ్‌లో ఒక్క అక్షరం మారి వేరే జిల్లాలో సీటు పడడం అరుదేం కాదు.

వెబ్ ఆప్షన్ల కంటే చాలా ముందు, తొమ్మిదో తరగతి వేసవిలో చేయదగిన పని ఇంకొకటుంది. ఒక తెల్లకాగితం మీద పదో తరగతి తర్వాత ఉన్న దారులన్నీ ఎడమ పక్కన రాయండి. ప్రతిదాని ఎదురుగా రెండు గళ్లు: "వద్దు అన్నది ఎవరు", "ఎందుకు". పిల్ల ఒకసారి, తల్లి ఒకసారి, తండ్రి ఒకసారి, ఒకరిది ఒకరు చూడకుండా నింపాలి. మూడు కాగితాలూ పక్కపక్కన పెడితే సగం గళ్లలో ఒకరి పేరు ఇంకొకరు రాసి ఉంటారు. నర్సింగ్ వద్దన్నది నాన్న అని పిల్ల రాస్తుంది, పిల్లకే ఇష్టం లేదని నాన్న రాస్తాడు. "ఎందుకు" గడి ఖాళీగా ఉన్న దారులను వేరే కాగితం మీదకు ఎక్కించుకుని, వాటికి సంబంధించిన కాలేజీకి ఒక మంగళవారం సాయంత్రం పోయి రండి.